నిచ్చెన గుర్తు లంగోటీలు

గురువారం నాడు ఉప్మా చల్లారేలోపల గృహ ఆర్థిక వ్యవస్థను సమూలంగా సంస్కరించాలని అమరేందర్ సంకల్పించాడు. ఆయన మెదక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. పదహారేళ్ల సర్వీసులో ఒక్క గుండుసూదినైనా లెక్క తప్పనివ్వని ధీరుడు. సూపరింటెండెంటుగా ఆయన ప్రమోషన్ ఫైలు పెద్దసారు బల్ల మీదికి చేరి, మున్సిపల్ ఎన్నికలు ముగియగానే పడబోయే సంతకం కోసం తపస్సు చేస్తున్నది. ఎన్నికల నియమావళి అమలులో ఉన్న ఈ పక్షం రోజుల్లో ప్రభుత్వోద్యోగి మీద రాజకీయపు నీడ పడితే చాలు, ఆ తపస్సు భగ్నమవుతుంది. అందుకే అమరేందర్ ఏ నాయకుడి నమస్కారానికీ ప్రతినమస్కారం చేయకుండా, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని బజారులో తిరుగుతున్నాడు.

ఇంట్లో మాత్రం ఆ చేతులకు పని కావాలి కదా. కాగితం, పెన్ను అందుకున్నాయి. కూతురు స్నిగ్ధకు అయిదు నెలలు. నోట ఇంకా మాట రాలేదు గానీ, ఇంటి బడ్జెట్‌లో సింహభాగం ఆ పిల్ల కింది నుంచే కొట్టుకుపోతున్నదని ఆయన కనిపెట్టాడు.

"దినానికి ఎనిమిది డైపర్లు. ఒక్కటి పన్నెండు రూపాయలు. ముప్పై నెలలకు ఎంతైతదో ఎరికేనా?" అని భార్య రచనను అడిగాడు.

రచన నిజాంపేటలో టీచరు. జడ వేసుకుంటూ, రబ్బరుబ్యాండు పళ్ల మధ్య పట్టుకుని అన్నది: "ఎనిమిది గంటల బస్సు పోతే ఏమైతదో నాకు ఎరికే. జర టిఫిన్ డబ్బ అందుకోండ్రి."

"ఎనభై ఆరువేల నాలుగు వందలు! అదే గుడ్డ లంగోటీలనుకో. నలభై లంగోటీలకు ఆరు వందలు, నెలకు సబ్బు తొంభై. అన్ని కలిపితె మూడువేల మూడు వందలు దాటదు. మిగిలేది ఎనభై మూడువేల నూరు!"

"ఉతికేదెవరు?"

అమరేందర్ కాగితం తిప్పి చూపించాడు. 'శ్రమ' అన్న గడిలో 'ఇంటివారే' అని రాసి, దాని ఎదురుగా నిండు సున్న చుట్టి ఉన్నది. ఆ సున్నను రచన చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. అనుభవమున్న భర్త ఎవడైనా ఆ మౌనానికి భయపడేవాడు. అమరేందర్ దాన్ని ఆమోదంగా నమోదు చేసుకున్నాడు.

ఆయన తల్లి రాజమణి మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నది. "నువ్వు గూడ గుడ్డలల్లనే పెరిగినవ్ కొడుకా," అన్నది.

"చూసినవా! మా అమ్మ చెప్తున్నది ఇను!"

"గప్పుడు ఉతికింది మా అత్త. గా ఉతుకుడుతోనే ఆమె నడుము పోయింది," అని రాజమణి వాక్యం ముగించేసరికి కొడుకు చెప్పులు వేసుకుని గడప దాటాడు.

చౌరస్తా దగ్గర టైలరు మహమూద్ దుకాణం ఉన్నది. మెత్తటి నూలుగుడ్డ చవకలో కావాలని అమరేందర్ అడగగానే మహమూద్ కళ్లు మెరిశాయి. లోపలి నుంచి ఒక మూట ఈడ్చుకొచ్చి విప్పాడు. మల్లెపూవులాంటి తెల్లని గుడ్డ; రెండు వైపులా వంకాయరంగు అంచు; రెండు కొసలకూ ఒక్కొక్క నిచ్చెన బొమ్మ.

"గివి కండువాలు గదా మహమూద్ భాయ్!"

"కండువాలే సాబ్. ఒక లీడర్ నిచ్చెన పార్టీల చేరుతున్న, మూడు వందలు కుట్టుమన్నడు. రాత్రంత మిషిన్ తొక్కిన. తెల్లారి పోయి చూస్తే ఆయన ఇంకో పార్టీ మీటింగుల దండ ఏసుకుని కూసున్నడు. అదేంది సాబ్ అంటే, 'మహమూద్, మనసు మారింది' అన్నడు. మనసు ఆయనది మారె, మూట నా నెత్తిన పడె. రెండు వందల అరవై హోటలోళ్లు బల్లలు తుడువనీకి కొన్నరు. నలభై ఉన్నయ్. పదిహేను రూపాయలకొకటి తీస్కపోండ్రి."

నలభై! పదిహేను! కాగితం మీది అంకెలే గుడ్డ రూపం ధరించి ఎదుట సాక్షాత్కరించినట్లు అమరేందర్‌కు రోమాంచమైంది.

"అంచులు, బొమ్మలు కత్తిరించి ఇయ్యాల్నా? ఒక్కోదానికి మూడు రూపాయలైతది," అన్నాడు మహమూద్.

మానవచరిత్రలో మహాసామ్రాజ్యాలు చిన్న పొదుపుల వల్లనే కూలాయి. అమరేందర్ ఒక్క క్షణం ఆలోచించాడు. కత్తిరిస్తే నూట ఇరవై రూపాయలు అదనపు ఖర్చు. కత్తిరించకపోతే పిల్ల పెరిగిన తర్వాత మళ్లీ కండువాలుగా అమ్ముకోవచ్చు. ఎన్నికలు ఎట్లాగూ వస్తూనే ఉంటాయి, నాయకుల మనసులు మారుతూనే ఉంటాయి.

"వద్దు భాయ్. మడతేసి కడితె నిచ్చెన లోపటికి పోతది. ఎవ్వడు చూస్తడు?" అన్నాడు.

తరువాతి రెండు రోజులూ ఆ ఇంట రామరాజ్యం నడిచింది. పిల్ల ఏడవలేదు. పక్క తడవలేదు. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి దండెం మీద లంగోటీలు తళతళలాడుతూ కనిపించేవి. వాసన? లేదు. మరక? మచ్చుకు లేదు. అన్నిటికంటె అద్భుతం సబ్బు. గురువారం కొన్న సబ్బు బిళ్ల శనివారం నాటికి కూడా, దాని మీది పేరుతో సహా, చెక్కు చెదరలేదు. అమరేందర్ పరవశించి లెక్క సవరించాడు: సబ్బు నెలకు ముప్పై, మొత్తం ఆదా ఎనభై నాలుగువేల తొమ్మిది వందలు. అద్భుతాలను చూసి అనుమానించేవాడు శాస్త్రజ్ఞుడవుతాడు. వాటిని చూసి అంకె సవరించేవాడు సీనియర్ అసిస్టెంటు అవుతాడు.

ఆదివారం ఉదయం ఆ విజయాన్ని స్వహస్తాలతో ఎగురవేయాలని ఆయనకు కోరిక పుట్టింది. పిల్లకు కట్టి ఉన్న ఒక్కటి మినహా తక్కిన ముప్పై తొమ్మిదింటినీ మిద్దె మీదికి మోసుకుపోయాడు. అడ్డదిడ్డంగా ఆరవేయడం ఆఫీసు క్రమశిక్షణకు విరుద్ధం. అందుచేత మూడు తాళ్లు కట్టి, వరుసకు పదమూడు చొప్పున, ప్రతి నిచ్చెన నిటారుగా, రోడ్డు వైపు తిరిగి ఉండేటట్లు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. గాలి వచ్చింది. ముప్పై తొమ్మిది నిచ్చెనలు ఒక్కసారిగా మెదక్ ఆకాశంలోకి ఎక్కసాగాయి. ఖిల్లా మీద నుంచి చూసినవాడికి కూడా అవి కనపడి ఉండాలి.

పావుగంటకు ఫోన్ మోగింది. కూరగాయలకు వచ్చి రోడ్డు మీద నిలబడిపోయిన సహోద్యోగి వెంకట్రాములు.

"అన్నా, గిదేందే? ఎప్పటిసంది?"

"గురువారం సంది," అన్నాడు అమరేందర్, తన పథకం కీర్తి అప్పుడే బజారుకెక్కిందని పొంగిపోతూ.

"వదినె ఒప్పుకున్నదా?"

"మొదలు గునిసింది. ఇప్పుడు అంత ఆమెనే నడుపుతున్నది."

"మరి ఏమన్న మిగులుతదా?"

"నెలకు రెండువేల ఎనిమిది వందల ముప్పై. ముప్పై నెలలు!"

గొంతు తగ్గించి వెంకట్రాములు అన్నాడు: "గంతకేనా అన్నా? ప్రమోషన్ ముంగట వెట్టుకుని గంత చిన్నదానికా? నేనైతే ఐదువేలకు తక్కువ ఒప్పుకోకపోదును."

"నీ పిల్లలు పెద్దగైండ్రు గదా, నీకేం లాభం?" అని నవ్వి అమరేందర్ ఫోన్ పెట్టేశాడు.

వెంకట్రాములు స్నేహధర్మం తెలిసినవాడు. అమరేందర్ నిచ్చెన పార్టీ దగ్గర నెలజీతానికి కుదిరాడన్న రహస్యాన్ని ఆయన నలుగురికి మించి చెప్పలేదు. ఆ నలుగురి దగ్గరా ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. మెదక్‌లో ఒక వార్త చర్చి దగ్గర నుంచి బస్టాండు దాకా వెళ్లడానికి ఆటో కంటె ఒట్టే వేగమైన వాహనం.

పది గంటలకు వీధిలో డప్పులు మోగాయి. నిచ్చెన పార్టీ పట్టణ అధ్యక్షుడు జయానందం పదిమంది అనుచరులతో, చేతిలో బంతిపూల దండతో ఇంటి ముందు వెలిశాడు. పోయిన ఎన్నికల్లో ఆ వార్డులో ఆయన పార్టీకి పదకొండు ఓట్లు వచ్చాయి. వాటిలో తొమ్మిది ఆయన కుటుంబానివి. మిగిలిన ఇద్దరూ ఎవరో అయిదేళ్లుగా వెతుకుతున్నాడు. మిద్దె మీది నిచ్చెనలను చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమరేందరన్నా! ఇన్నొద్దులు ఏడ దాసిపెట్టినవే గీ ప్రేమ?" అని దండ చాచాడు.

దండను చూసి అమరేందర్ పామును చూసినట్లు గోడకు అతుక్కున్నాడు. "అన్నా, నీకు దండం పెడత! నేను గవర్నమెంటు ఎంప్లాయిని. అవి కండువాలు గావు!"

"కండువాలు గావా? మరేంది?"

"లంగోటీలు. మా బిడ్డవి. ఉచ్చ గుడ్డలు."

డప్పు ఆగిపోయింది. జయానందం తల మెల్లగా మిద్దె వైపు తిరిగింది, మెల్లగా కిందికి దిగింది. "మా నిచ్చెన మీద... ఉచ్చనా?" అన్నాడు. వెనకనున్న అనుచరుల్లో ఒకడు "మనోభావాలు!" అని అరిచాడు. ఆ మాట తెలంగాణలో ఎక్కడ వినపడినా పోలీసులకంటె ముందు వీడియో తీసేవాళ్లు వస్తారు.

ఈసారి నిజంగానే వచ్చారు. నలుగురు ఒట్టేసినవారిలో ఎవరు ఫిర్యాదు చేశారో దైవానికెరుక. ఎన్నికల ఫ్లయింగ్ స్క్వాడ్ జీపు వచ్చి ఆగింది. టేక్మాల్ నుంచి డ్యూటీ మీద వచ్చిన అధికారిణి ఎలిశిబా దిగింది. వెనుక కెమెరా పట్టుకుని వీడియోగ్రాఫరు. ఆమె తలెత్తి లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది. తల దించి అమరేందర్‌ను చూసింది. ఒకటి.

"ప్రభుత్వ ఉద్యోగి. మిద్దె మీద పార్టీ కండువాలు. దండ, డప్పులు. ఏమైన చెప్పుకునేది ఉన్నదా?" అని ప్యాడ్ తీసింది.

"మేడం, అవి లంగోటీలు! ఈ ఒక్క ముక్క రాసుకోండ్రి. నా ప్రమోషన్ పోతది మేడం!"

"లంగోటీలైతే మేము కేసు పెడతం!" అన్నాడు జయానందం. "కండువాలని ఒప్పుకో, దండ ఏస్తం. లంగోటీలంటవా, ధర్నా చేస్తం."

ఘటమంటే ఏమిటి, పటమంటే ఏమిటి అని మన తార్కికులు వేల ఏళ్లు జుట్లు పట్టుకున్నారు. దారాల కలయిక వల్ల పటం, అంటే గుడ్డ, పుడుతుందని తేల్చి నిద్రపోయారు. పుట్టిన ఆ పటం ఏ క్షణాన కండువా అవుతుంది, ఏ క్షణాన లంగోటి అవుతుంది అన్న అసలు ప్రశ్నను ఎవ్వరూ ముట్టుకోలేదు. ఆ భారం ఒక ఆదివారం పూట టేక్మాల్ అధికారిణి మీద పడింది. ఆమె ఆ గ్రంథాలేవీ చదవలేదు కనుక సూటిగా తేల్చింది.

"గుడ్డ ఏందన్నది వాడకంల తెలుస్తది. బిడ్డను తీసుకురాండ్రి. ఇప్పుడు కట్టి ఉన్నదా?"

"ఉన్నది మేడం!"

"ఉన్నదున్నట్టే కూసోబెట్టండ్రి. ఎవ్వరు ముట్టొద్దు. తడిపితే లంగోటి. కెమెరా ఆన్ చెయ్యి."

వాకిట్లో చాప పరిచారు. రచన పిల్లను ఎత్తుకొచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉన్నది. "మేడం, పిల్ల ఆకలి మీదున్నది. లోపట ఒక్క నిమిషం..."

"ఇక్కడనే పట్టుండ్రి."

"పోనీ అత్తమ్మ దగ్గర..." అని రచన అత్తను చూసింది. రాజమణి ఆకాశాన్ని చూసింది.

మెదక్ చరిత్రలో ఇంతమంది ఓటర్లు ఒక్కరి నిర్ణయం కోసం ఇంత ఏకాగ్రతతో ఎదురుచూడటం అదే మొదలు. వంకాయరంగు అంచు లంగోటిలో స్నిగ్ధ సింహాసనాసీనురాలై కూర్చుని, తల్లి చేతికి ఆనుకుని, కెమెరాను పరిశీలిస్తున్నది. సీసాలో నీళ్లు పట్టారు. తాగింది. పాలు పట్టారు. తాగింది. పది నిమిషాలు గడిచాయి. అమరేందర్ వంగి ముట్టుకోబోతే ఎలిశిబా పెన్నుతో వారించింది.

"దినానికి పద్నాలుగు సార్లు పోస్తది మేడం! గియ్యాల్నే ఏమొచ్చిందో!"

"సప్పుడు చేస్తే పోస్తది," అన్నాడు ఒక అనుచరుడు, నలుగురు పిల్లల తండ్రి. "స్స్స్స్..." అని మొదలుపెట్టాడు. అమరేందర్ అందుకున్నాడు. డప్పులవాళ్లు అందుకున్నారు. తన నిచ్చెన పరువు మరచి, వాకిట్లోని ఉత్కంఠకు లొంగిపోయి, జయానందం కూడా గొంతు కలిపాడు. అధికారిణి పెదవులు మాత్రం గంభీరంగా మూసుకునే ఉన్నాయి. కానీ వాటి మధ్య నుంచి కూడా సన్నగా ఏదో వినవచ్చిందని తర్వాత వీడియోగ్రాఫరు చెప్పాడు. వీధి మొత్తం పాము పుట్టలా బుసకొట్టింది. స్నిగ్ధ బోసినోటితో నవ్వింది. మధ్యలో ఇద్దరు అనుచరులు తట్టుకోలేక గోడ చాటుకు వెళ్లి వచ్చారు. పిల్ల మాత్రం చలించలేదు.

నలభై నిమిషాలకు ఎలిశిబా వాచీ చూసుకుంది. "ఇప్పండ్రి."

రచన కదలలేదు. రాజమణి మోకాళ్లు పట్టుకుని లేచి, "తప్పేటట్టు లేదు బిడ్డా," అని తనే వంగి ముడి విప్పింది. నిచ్చెన లంగోటి పొరలు పొరలుగా ఊడివచ్చింది. పొడిగా, మెత్తగా, ఇస్త్రీ చేసినంత పవిత్రంగా. దాని కింద, నలభై నిమిషాల రహస్యాన్నంతా తనలో దాచుకుని, కాసిన గుమ్మడికాయంత బరువుతో, బజారులో పన్నెండు రూపాయలకు దొరికే డైపరు ఉన్నది.

కెమెరా దగ్గరకు జరిగింది.

"ఇదేంది?" అన్నాడు అమరేందర్. అది ప్రశ్న కాదు. ఒక సామ్రాజ్యం కూలుతున్న చప్పుడు.

"డైపరు," అన్నది రచన, బరువెక్కిన దాన్ని విప్పి పక్కన పెడుతూ. దాచడానికి ఇక ఏమీ మిగలకపోవడంతో ఆమెకు ధైర్యం వచ్చింది. "గురువారం సంది లోపట డైపరు, మీద మీ లంగోటి. ఎనిమిది గంటలకు బస్సెక్కాల్నా, పద్నాలుగు గుడ్డలు పిండాల్నా? అత్తమ్మకు మోకాళ్లు లేస్తలేవు. మీ కాయిదం మీద మా ఇద్దరికి సున్న చుట్టిండ్రు. మేము ఆ సున్న ప్రకారమే చేసినం."

"మరి దినాము ఉతికి ఆరేసినయ్?"

"నీళ్లల్ల ముంచి ఆరేసినం కొడుకా," అన్నది రాజమణి. "నువ్వు సూసి సంబురపడుతున్నవని."

అత్తాకోడళ్లు ఏకమవడం సంభవమన్న అంచనా అమరేందర్ లెక్కల్లో ఎక్కడా లేదు. అది సబ్బు గడిలోనే దాగి ఉన్నదని, మూడు రోజులుగా పేరు చెరగకుండా తన కళ్లెదుటే ఉన్నదని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

దుఃఖించడానికి మాత్రం వ్యవధి దొరకలేదు. జయానందం చాప మీది పొడి గుడ్డను రెండు చేతులతో ఎత్తి కళ్లకు అద్దుకున్నాడు. "చుక్క అంటలే! మా నిచ్చెనకు చుక్క తడి అంటలే! కండువ కండువనే ఉన్నది! ఓ అమరన్నా, నీ ఇంట్ల ఆడోళ్లు మా పార్టీ పరువు కాపాడిండ్రు!" డప్పులు మళ్లీ మోగాయి.

"అంటే లంగోటిగా వాడినట్టు రుజువు లేదు," అని ఎలిశిబా ప్యాడ్ మీద రాయడం ప్రారంభించింది. "ఉద్యోగి పేరు..."

"మేడం! ఒక్క నిమిషం! నా పదహారేళ్ల సర్వీసు!"

"ఇగ సర్వీసెందుకన్నా, ప్రజాసేవ చేద్దాం పా!" అంటూ జయానందం ఆ కండువాను చాచి ఆయన మెడ మీద కప్పడానికి ముందుకురికాడు. కెమెరా ఇటు తిరిగింది. కండువా మెడను తాకిన మరుక్షణం ప్రమోషన్ లేదు, బహుశా ఉద్యోగమూ లేదు. వెనక్కి జరగడానికి గోడ అడ్డు. చేతులు జేబుల్లో దాచుకునే కాలం దాటిపోయింది. అమరేందర్ చేతికి అందిన ఏకైక డాలును లాగి ఎదురుగా పట్టుకున్నాడు. ఆ డాలు స్నిగ్ధ.

కండువా పిల్ల మీద పడి, నడుము చుట్టూ చుట్టుకుంది. నలభై నిమిషాల పాటు ఊరంతా చేసిన ప్రార్థన స్నిగ్ధకు అప్పుడు గుర్తుకొచ్చింది. తాగిన సీసాలు రెండు. అడ్డుగా డైపరు లేదు. తొందరపడకుండా, దయగా, కెమెరా వైపు చూస్తూ ఆ పిల్ల తన తీర్పు వెలువరించింది. మొదట పై నిచ్చెన తడిసింది. తర్వాత కింది నిచ్చెన తడిసింది. ఒక్క చుక్క కూడా నేల రాలలేదు. గుడ్డ నాణ్యత విషయంలో మహమూద్ అబద్ధమాడలేదు.

"స్స్స్..." అని ఆలస్యంగా ఒక డప్పులవాడు అన్నాడు.

జయానందం చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. కెమెరా ఎర్రదీపం ఆయన ముఖం మీదనే వెలుగుతున్నది. రేపు ఈ దృశ్యం ప్రతి ఫోనులోనూ ఆడుతుంది. తమ కండువా మీద ఒక ఆడపిల్ల ఉచ్చపోసిందని ప్రత్యర్థులు పాటలు కడతారు. పార్టీ అధ్యక్షుడికి ఉండవలసిన సమయస్ఫూర్తి ఆయనకు ఉన్నది.

"గిది మాది గాదు," అన్నాడు గట్టిగా. "మేడం, రాసుకోండ్రి. కెమెరా ముంగట చెప్తున్న. గీ గుడ్డకు, మా పార్టీకి ఏ సంబంధం లేదు. అది లంగోటే. పక్కా లంగోటి."

"నిశ్చయంగనేనా?"

"మా అమ్మ తోడు, లంగోటి!" దండను తన మెడలోనే వేసుకుని, డప్పులను వెంటబెట్టుకుని ఆయన వీధి మలుపు తిరిగాడు.

ఎలిశిబా రాసినదాన్ని కొట్టేసి, మళ్లీ రాసి, సాక్షిగా రాజమణి చేత వేలిముద్ర వేయించుకుంది. వెళ్లేముందు మిద్దె మీదివన్నీ దింపించి జీపులో వేయించింది. "తక్కినయి లంగోటీలని ఎవ్వరు నిరూపించలే. ఎలక్షన్లు అయినంక వచ్చి తీసుకపోండ్రి," అన్నది. నిరూపిస్తానని అమరేందర్ ముందుకు రాలేదు. ఆ సాయంత్రం ఆయనే మందుల దుకాణానికి నడిచివెళ్లి పెద్ద డైపర్ల ప్యాకెట్టు అడిగాడు. రెండు కొంటే నలభై రూపాయలు తగ్గుతాయని దుకాణదారు చెబుతుంటే, వినలేదో, వినదలచుకోలేదో, మూడు తెచ్చాడు.

ఫలితాలు వెలువడిన మర్నాడు ఆయన సూపరింటెండెంటు అయ్యాడు. ఆ ఉత్తర్వుకు జతపరచిన పంచనామా నకలు ఈనాటికీ ఆయన సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉన్నది. దాని ఆఖరి వాక్యం ఇది: "ముప్పది తొమ్మిది వస్త్రములు స్వాధీనపరచుకొనడమైనది, ఒకటి తడిగా నున్నందున విడిచిపెట్టడమైనది."